వాలీబాల్ జట్టులో పేరు రాకపోతేనేం

చిట్టి తల్లికి,
నాన్న ఆశీస్సులు.

అమెరికాలో నువ్వు చదువుతున్న స్కూలు వాలీబాల్ జట్టు జాబితాలో నీ పేరు లేదనీ, మధ్యాహ్నం భోజనాల హాల్లో ఒక్కదానివే కూర్చుని తింటున్నావనీ చదివి అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. నాకైతే నువ్వు చివర్లో రాసిన వాక్యమే మనసులో నిలిచింది. క్రాస్ కంట్రీ, అంటే ఆరుబయట దూరపు పరుగు, కోచ్ వచ్చి జట్టులో చేరతావా అని అడిగారట, ఆలోచించి చెబుతానన్నావట. ఇంకా ఆలోచనెందుకు తల్లీ, రేపే వెళ్లి చేరిపో.

వాలీబాల్ కోర్టులో ఒకసారికి ఆరుగురే ఆడగలరు కాబట్టి ఎంపిక పెట్టి కొందరిని వద్దనక తప్పదు. క్రాస్ కంట్రీలో ఆ బాధ తక్కువ. అమెరికాలో చాలా హైస్కూళ్లు ఆ జట్టు నుంచి ఎవరినీ తీసేయవు. రోజూ వచ్చి పరుగెత్తే పిల్లలందరూ జట్టులో వాళ్లే. పార్కుల్లో, గోల్ఫ్ మైదానాల్లో, గడ్డి మీద, మిట్టపల్లాల మీద 5 కిలోమీటర్లు పరుగెత్తాలి. అక్కడ అందరూ మైళ్లలో చెబుతారు కాబట్టి 3.1 అని గుర్తుంచుకో.

వ్యాయామ ఉపాధ్యాయుడిగా నాకు ఆ ఆటలో అన్నిటికన్నా నచ్చేది పాయింట్లు వేసే పద్ధతి. ప్రధాన పోటీలో మామూలుగా ఒక్కో స్కూలు నుంచి ఏడుగురు పరుగెత్తుతారు. వాళ్లలో ముందు వచ్చిన ఐదుగురి స్థానాలను కూడతారు. మొత్తం ఎవరికి తక్కువ వస్తే వాళ్లు గెలిచినట్టు. ఒకే స్కూలు పిల్లలు ఒకటి నుంచి ఐదు దాకా వస్తే 15, అంతకన్నా మంచి స్కోరు లేదు. జట్టులో మొదటి అమ్మాయి ఎంత బాగా పరుగెత్తినా, ఐదో అమ్మాయి బాగా వెనకబడితే జట్టు ఓడిపోవచ్చు. ఆరో అమ్మాయి, ఏడో అమ్మాయి స్థానాలను కూడకపోయినా, వాళ్లు ఎదుటి జట్టులో ఐదో అమ్మాయిని దాటారంటే ఆ జట్టు లెక్క పెరిగిపోతుంది. అందుకే ముందుగా గీత దాటిన అమ్మాయిలు కాస్త ఊపిరి అందగానే దారి పక్కన నిలబడి, వెనక వచ్చేవాళ్లను పేరుపేరునా పిలుస్తూ గొంతు పోయేలా అరుస్తారు. నీ పేరు సరిగ్గా పలకడం వాళ్లకు అక్కడే అలవాటవుతుంది.

నీ భయం పరుగు గురించి కాదని నాకు తెలుసు. వాళ్ల ఇంగ్లిషు అందడం లేదనీ, నీ మాట అర్థంకాక మళ్లీ అడిగితే సిగ్గేస్తోందనీ రాశావు. భోజనాల బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చుంటే, మాట తడబడిన ప్రతిసారీ ఎదుటివాళ్ల ముఖం చూడాల్సి వస్తుంది. పక్కపక్కన పరుగెత్తేటప్పుడు ఇద్దరి చూపూ దారి మీదే ఉంటుంది. మిట్ట ఎక్కేటప్పుడు ఎవరికీ మాట రాదు, రాలేదని ఎవరూ ఏమీ అనుకోరు. దిగేటప్పుడు ఎవరో ఒకరు లెక్కల హోంవర్కు గురించో, కాలికి లేచిన బొబ్బ గురించో మొదలుపెడతారు. నువ్వు రెండు మాటలు కలిపితే చాలు. మర్నాడు మళ్లీ అదే దారి, అదే మనుషులు, నిన్న ఆగిన చోటు నుంచే కబుర్లు.

ఖోఖో ఆడిన కాళ్లు కదా అని మొదటి రోజే దూకకు. ఖోఖోలో ఉన్న శక్తంతా క్షణాల్లో పెట్టేస్తాం, ఇక్కడ నిలకడ కావాలి. మొదటి రెండు వారాలూ పక్కమనిషితో మాట్లాడగలిగినంత వేగంతోనే వెళ్లు. ఒక వాక్యం పూర్తిచేసేలోపు ఆయాసం వస్తే వేగం ఎక్కువైనట్టు. ఎవరి శిక్షణలోనైనా తేలిక పరుగుకు ఇదే కొలత, నీకు స్నేహితులు దొరికే వేగం కూడా ఇదే. వాలీబాల్‌కు కొన్న బూట్లు దీనికి పనికిరావు. పరుగుకని చేసినవే కొనుక్కో, డబ్బు గురించి ఆలోచించకు. డాక్టరు సంతకం చేసిన పత్రం వాలీబాల్‌కు ఇచ్చావు కదా, దీనికీ అదే చాలేమో ఆఫీసులో అడుగు.

పోటీ ముందురోజు సాయంత్రం ఎవరో ఒకరి ఇంట్లో జట్టంతా కలిసి పాస్తా తినే ఆనవాయితీ అక్కడ చాలాచోట్ల ఉంది. పిలిస్తే మానకుండా వెళ్లు. మాంసం తినవని ముందే చెప్పు, వండాక చెబితే వాళ్లు నొచ్చుకుంటారు. నువ్వు అక్కడ ఉంటున్న ఇంటివాళ్ల వంతు వచ్చినప్పుడు పులిహోర చెయ్యి. పొడి పొట్లం అమ్మ నీ పెట్టెలో అడుగున పెట్టింది. పరుగుకు ముందు అన్నం కూడా మంచి బలమే.

పోటీలకు వెళ్లే బస్సులో ఫోను సంచిలోనే ఉంచు. మాతో మాట్లాడటానికి కూడా తీయవద్దు. మీకు మధ్యాహ్నం మూడున్నర అయితే మాకు రాత్రి రెండు గంటలు. అమ్మ ఆ వేళకు లేచి నీ ఫోను కోసం చూస్తోంది. నువ్వు ఆ సమయంలో పరుగెత్తుతున్నావని తెలిస్తే హాయిగా నిద్రపోతుంది. ఆదివారం తీరిగ్గా మాట్లాడుకుందాం.

ఇంకో మాట. అమెరికాలో 1972లో టైటిల్ నైన్ చట్టం వచ్చింది. కేంద్ర ప్రభుత్వ నిధులు తీసుకునే బడి ఏదైనా సరే, ఆటల్లో అమ్మాయిలకు సమానంగా అవకాశం ఇవ్వాలి. ఇక్కడ నేను పదో తరగతి ఆడపిల్లలను మైదానానికి పంపమని వాళ్ల తల్లిదండ్రులను ఏటా బతిమాలుతున్నాను. బాగా ఆడే పిల్లలు చదువు పేరుతో ఇంట్లో ఆగిపోతుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది. ఎవరినీ బతిమాలాల్సిన పనిలేని చోట ఉన్నావు నువ్వు. ఆ అవకాశాన్ని పూర్తిగా వాడుకో.

అక్టోబరు చివరికో నవంబరు మొదట్లోనో ఈ సీజను అయిపోతుంది. విస్కాన్సిన్‌లో అప్పటికి చలి బాగా ముదురుతుంది కాబట్టి చేతులకు తొడుగులు ఇప్పుడే కొనిపెట్టుకో. క్రాస్ కంట్రీ పిల్లలు చాలామంది వసంతకాలంలో ట్రాక్ జట్టులోనూ పరుగెత్తుతారు. అంటే ఈ నెలలో పరిచయమైనవాళ్లతోనే నువ్వు తిరిగొచ్చేదాకా కలిసి పరుగెత్తవచ్చు.

మొదటిరోజు ఎంత దూరం వెళ్లావో, ఎంత సమయం పట్టిందో నాకు రాయకపోయినా ఫరవాలేదు. నీ పక్కన పరుగెత్తిన అమ్మాయి పేరేమిటో మాత్రం రాయి.

ప్రేమతో,
నాన్న