అంచనా ఒక్కటే చాలదు, సలహా చెప్పే మనిషీ కావాలి: కేంద్ర భూవిజ్ఞాన శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

కృష్ణా డెల్టాలో వరి పండించే రైతుగా ఈ లేఖ రాస్తున్నాను.

2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. మాకది కోతల సమయం. తుపాను వస్తోందని మీ శాఖ ముందే చెప్పింది, అందులో వంక పెట్టను. కానీ ఆ కబురు విన్నాక రైతుకు మొదలయ్యే టెన్షన్ వేరు. పండిన చేను ఇవాళే కోయించాలా, ఆగాలా? కోసి పనల మీదున్న వరిని పచ్చిగానే కుప్ప వేయాలా? మిషన్‌తో కోయిస్తే, కొనుగోలు కేంద్రం ఒప్పుకునే 17 శాతానికి తేమ దిగేదాకా ఆరబెట్టడానికి ఎండ కాస్తుందా? కోతకు ముందు చేలో చల్లాల్సిన మినుములు ఇప్పుడు చల్లితే కుళ్లిపోవా? కౌలు రైతుకైతే ఈ ఒక్క నిర్ణయం మీదే అప్పు తీరడం ఆధారపడి ఉంటుంది.

ఇలాంటివి చెప్పడానికే కృషి విజ్ఞాన కేంద్రాల్లో జిల్లా వ్యవసాయ వాతావరణ యూనిట్లు పెట్టారు. దేశమంతా కలిపి 199. మంగళ, శుక్రవారాల్లో ఐదు రోజుల అంచనా చూసి, ఏ పంటకు ఏం చేయాలో స్థానిక భాషలో పంపేవారు. ఆ తుపాను వెళ్లి రెండు నెలలు కాకముందే, 2024 జనవరిలో, వాటిని మూసేయమని ఉత్తర్వులు వచ్చాయి. సమాచారం యంత్రాలే సేకరిస్తున్నాయి కదా అన్న వాదన విన్నాం. ఆ మాట నాకు మింగుడు పడలేదు. యంత్రం వానను కొలుస్తుంది, నిజమే. పూత మీదున్న వరికి ఆ వాన ఏం చేస్తుందో, గింజ ముదిరిన వరికి ఏం చేస్తుందో చేను చూసిన మనిషే చెప్పాలి.

2024 అక్టోబర్‌లో గ్రామ పంచాయతీ స్థాయి అంచనాలు మొదలయ్యాయి. 2025 మేలో 6 కిలోమీటర్ల గళ్లుగా (గ్రిడ్) విడదీసి వాతావరణాన్ని అంచనా వేసే భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ వచ్చింది. రెండూ మంచి పనులే. కానీ స్మార్ట్‌ఫోన్ లేని పెద్దవాళ్లకు యాప్‌లో ఉన్న అంకెలతో ఏం పని?

అందుకే అడుగుతున్నాను. ఆ యూనిట్లను శాశ్వత సిబ్బందితో నడపండి. వాన పడే అవకాశం ఎంత శాతమో ప్రతి సలహాలో రాయించండి, మందు కొట్టే కూలీలను పిలవాలో వద్దో మేమే తేల్చుకుంటాం. సీజన్ అయ్యాక మండలాల వారీగా ఎన్ని అంచనాలు నిజమయ్యాయో బయటపెట్టండి. తప్పినవి కూడా తెలిస్తేనే మాకు నమ్మకం కుదురుతుంది.

వచ్చే సార్వా (ఖరీఫ్) కోతల్లోపు మొదటిదైనా చేయండి.

ఇట్లు,
కృష్ణా డెల్టా వరి రైతు