అనుమానానికీ సందేహానికీ మధ్య ఒక పిల్లవాడు

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో నాటకాల నుంచి సినిమాలుగా వచ్చిన కథల మీద వ్యాసం వేశారు. అందులో 2008లో వచ్చిన 'డౌట్' సినిమాకి మూడే వాక్యాలు దక్కాయి. ఫాదర్ తప్పు చేశాడా లేదా అన్నది చివరిదాకా తేల్చలేదనీ, అది కథలో లోపమనీ వ్యాసకర్త రాశారు. నేను ఆర్.సి.ఎం. (రోమన్ కాథలిక్ మిషన్) స్కూల్లో ముప్పై ఒక్క ఏళ్లు తెలుగు చెప్పి రిటైరైన టీచర్‌ని. పుట్టుకతో కథోలికురాలిని. నాకు చదువు చెప్పిందీ ఉద్యోగం ఇచ్చిందీ సిస్టర్ గార్లే. ఈ సినిమాని ఇప్పటికి నాలుగుసార్లు చూశాను. ఆ మాట చదివాక ఊరుకోలేక రాస్తున్నాను.

చూడనివాళ్ల కోసం కథ కొంచెం చెప్తాను. 1964, న్యూయార్క్‌లోని బ్రాంక్స్. గుడికి (చర్చికి) ఆనుకుని ఉన్న స్కూలు. హెడ్‌మిస్ట్రెస్ సిస్టర్ అలోషియస్ మహా కఠినం. బాల్ పెన్నులంటే ఆవిడకి గిట్టదు, చేతిరాత పాడవుతుందంటుంది. (నా చిన్నప్పుడు మా మదర్ గారు కూడా బాల్ పెన్ను కనపడితే లాక్కుని బల్ల సొరుగులో పడేసేవారు. ఆ సీన్ చూస్తుంటే మళ్లీ ఆరో తరగతి బెంచీ మీద కూర్చున్నట్టే అనిపించింది.) ఫాదర్ ఫ్లిన్ కొత్త తరం మనిషి, పిల్లలతో కలిసిపోతాడు. వాటికన్ రెండో మహాసభ (కథోలిక పెద్దలంతా రోమ్‌లో కూడిన సభ) నడుస్తున్న రోజులు, గుడి కొంచెం తలుపులు తెరవాలనుకుంటున్న కాలం. ఆ స్కూల్లో చేరిన మొదటి నల్లజాతి పిల్లవాడు డోనాల్డ్. ఫాదర్ ఒకరోజు ఆ పిల్లవాడిని ఒంటరిగా తన దగ్గరికి పిలిపిస్తాడు. తిరిగి క్లాసుకి వచ్చిన వాడు తల బల్ల మీద వాల్చేస్తాడు, నోట్లోంచి ద్రాక్షారసం వాసన వస్తుంది. క్లాసు టీచర్ సిస్టర్ జేమ్స్ అది చూస్తుంది. చిన్నవయసు, మెతక మనిషి. భయపడుతూనే వెళ్లి పెద్ద సిస్టర్‌కి చెప్తుంది. ఫాదర్ ఆ పిల్లవాడితో తప్పుగా ప్రవర్తించాడేమోనన్న అనుమానం, అక్కడి నుంచి కథ.

దీన్ని జాన్ ప్యాట్రిక్ షాన్లీ ముందు నాటకంగా రాశారు. 2004లో న్యూయార్క్‌లో ఆడింది, 2005లో పులిట్జర్, టోనీ అవార్డులు రెండూ వచ్చాయి. తర్వాత ఆయనే సినిమాకి దర్శకత్వం వహించారు. సినిమాని తనకు ఒకటో తరగతి చెప్పిన సిస్టర్‌కి అంకితమిచ్చారు. ఆ రోజుల్లో ఆవిడ పేరు సిస్టర్ జేమ్స్. ఒకటో తరగతి టీచర్ పేరు యాభై ఏళ్ల తర్వాత తెర మీద వేశారంటే టీచర్‌గా నాకు కళ్లు చెమర్చాయి. సిస్టర్‌లని తక్కువచేసే కథ అనుకునేవాళ్లు ఈ సంగతి తెలుసుకోవాలి.

ఇక అసలు సంగతి. నాటకంలో పాత్రలు నాలుగే: ఫాదర్, ఇద్దరు సిస్టర్లు, పిల్లవాడి తల్లి. పిల్లవాడు స్టేజీ మీదకి రానే రాడు. అందరూ వాడి గురించే మాట్లాడతారు, వాడు మాత్రం ఉండడు. ఫాదర్ ప్రసంగం చేసేటప్పుడు ఎదురుగా కూర్చున్న ప్రేక్షకులకే చెప్తాడు కాబట్టి టికెట్ కొనుక్కుని వచ్చినవాళ్లే ఆ విచారణ (ఒక ఫాదర్ చూసుకునే గుడి, దాని పరిధి) జనం అయిపోతారు. సినిమాలో ఆ వీలు లేదు. గుడి, బెంచీలు, వాటిలో మనుషులు అన్నీ కనపడాలి, పిల్లవాడూ కనపడాలి. డోనాల్డ్‌గా వేసిన అబ్బాయికి మాటలు చాలా తక్కువ. నడవాలో తోటి పిల్లవాడి చేతిలో అవమానపడితే ఫాదర్ దగ్గరికి తీసుకుంటాడు. ఆ కౌగిలి చూస్తుంటే మనకి ఊపిరి ఆడదు, ఎందుకంటే అది ఓదార్పా, ఇంకేమైనానా అన్నది మనం చెప్పలేం. ఆ గదిలో ఏం జరిగిందో వాడి నోటి నుంచి మాత్రం మనం వినం. తేల్చనిది ఇక్కడ. దీన్ని లోపమంటే ఎలా? స్కూళ్లలో పనిచేసినవాళ్లం మాకు రోజూ ఎదురయ్యేది ఇదే. గది లోపలికి మనం వెళ్లలేదు, గదిలోంచి బయటికి వచ్చిన పిల్లవాడి ముఖం ఒక్కటే చూశాం.

తెలుగులో మనకి రెండు మాటలున్నాయి. సందేహం, అనుమానం. క్లాసులో 'సందేహాలుంటే అడగండి' అంటాం, మనిషి మీద 'అనుమానంగా ఉంది' అంటాం. ఇంగ్లీషు పేరు ఈ రెంటినీ ఒక్క మాటలో మోస్తోంది. సిస్టర్ అలోషియస్ అనుమానంతో మొదలవుతుంది. ఆవిడ చేతిలో సాక్ష్యం లేదు, పట్టుదల ఒక్కటే ఉంది. ఫాదర్ పాత విచారణకి ఫోన్ చేశానని అబద్ధం కూడా ఆడుతుంది. చివరికి ఆయన వెళ్లిపోతాడు, కానీ బిషప్ గారు ఆయన్ని ఇంకా పెద్ద బాధ్యతతో మరో విచారణకి వేస్తారు. మంచు పడిన తోటలో బెంచీ మీద కూర్చుని ఆవిడ ఏడుస్తూ చెప్పేది మాత్రం అనుమానం గురించి కాదు, సందేహం గురించి. తన మీదా, తను నమ్ముకున్న దాని మీదా. ఆవిడగా వేసిన మెరిల్ స్ట్రీప్ ఆ ఒక్క క్షణంలో అప్పటిదాకా బిగించి పెట్టుకున్న ముఖాన్ని వదిలేస్తుంది. మీ వ్యాసంలో దీని ప్రస్తావన లేదు.

తల్లి సీన్ గురించి కూడా చెప్పాలి. తల్లిగా వేసిన వయోలా డేవిస్ కనపడేది కొద్ది నిమిషాలే. ఆ కొద్ది నిమిషాలకే ఆస్కార్ నామినేషన్ వచ్చింది. పనికి వేళవుతోందని నడుస్తూనే మాట్లాడుతుంది. ముక్కు కారుతున్నా మాట ఆపదు. జూన్ దాకా ఓపిక పట్టండి, వీడు ఈ స్కూలు దాటితే మంచి హైస్కూలుకి వెళ్తాడు అంటుంది. ఇంట్లో తండ్రి కొడతాడు, బయట అందరూ తోసేస్తారు, ఒక్క మనిషి వాడిని ప్రేమగా చూస్తున్నాడు, ఆ ఒక్కడినీ తీసేయకండని అడుగుతుంది. మొదటిసారి విన్నప్పుడు ఆ తల్లి మీద కోపం వచ్చింది. రెండోసారికి, టీసీ పోతుందని, హాస్టల్ సీటు పోతుందని నోరు మూసుకుని నా ఎదుట నిలబడిన తల్లులు గుర్తొచ్చారు.

నా సంగతి ఒకటి ఇక్కడ చెప్పకపోతే ఈ ఉత్తరం నిజాయితీగా ఉండదు. దాదాపు ముప్పై ఐదేళ్ల కిందట, నేను పనిచేసిన ఒకచోట ఏడో తరగతిలో ఒక హాస్టల్ పిల్లవాడు ఉండేవాడు. మొదటి బెంచీలో కూర్చునేవాడు కాస్తా దసరా ముందు చివరి బెంచీకి మారాడు. లాంగ్ బెల్ కొట్టాక హాస్టల్‌కి వెళ్లేవాడు కాదు. 'బోర్డు నేను తుడుస్తా టీచర్' అనేవాడు. తుడిచి, డస్టరు కిటికీ ఊచలకి కొట్టి దులిపి, సుద్దముక్కలు పెద్దవి ఒకవైపు చిన్నవి ఒకవైపు వరసగా పేర్చేవాడు. పేర్చినవి మళ్లీ చెరిపి పేర్చేవాడు. వాచ్‌మన్ తాళాలు తెచ్చేదాకా అదే పని. బుద్ధిమంతుడని మెచ్చుకుని పిప్పరమెంటు ఇచ్చేదాన్ని. వెళ్లడానికి ఎందుకు భయపడుతున్నావని ఒక్కసారి కూడా అడగలేదు. అడగాలని అనిపించింది. అనిపించినా, నా ఊహే అయితే ఎవరి పేరు పాడవుతుందోనని టెన్షన్. సెలవుల తర్వాత వాడు రాలేదు. వాళ్ల నాన్న వచ్చి టీసీ పట్టుకెళ్లాడు. ఏదైనా జరిగిందా లేదా, నాకు ఇవాళ్టికీ తెలియదు. సిస్టర్ జేమ్స్ వణుకుతూ అయినా వెళ్లి చెప్పింది, నేను అది కూడా చేయలేదు.

1964 నాటి ఆ సిస్టర్లకి వెళ్లి చెప్పుకోవడానికి దారి లేదు. సిస్టర్ పైన ఫాదర్, ఆయన పైన ఇంకొకరు, అందరూ మగవాళ్లే. నేను ఉద్యోగంలో ఉన్న చాలా ఏళ్లు మనకీ దారి స్పష్టంగా లేదు. 2012లో పిల్లల మీద లైంగిక నేరాలను అరికట్టే పోక్సో చట్టం వచ్చాక ఉంది. నేరం జరిగిందని తెలిసినా, జరగవచ్చన్న భయం కలిగినా పోలీసులకి చెప్పి తీరాలని అందులో 19వ సెక్షన్ చెప్తుంది. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద శిక్ష. మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ల మీద కేసు ఉండదు. అంటే తేల్చే పని టీచర్‌ది కాదు. ఖాయం చేసుకున్నాకే నోరు విప్పాలన్న నియమం ఎక్కడా లేదు. ఈ సంగతి తెలియని టీచర్లు ఇప్పటికీ స్టాఫ్ రూముల్లో ఉన్నారు. పిల్లలకి 1098 నంబరు (ఆపదలో ఉన్న పిల్లల సహాయ ఫోన్) గోడ మీద రాసి పెట్టినా, అది ఎందుకో చెప్పని స్కూళ్లూ చూశాను.

నాటకం నుంచి సినిమాకి వెళ్లడం తెలుగువాళ్లకి కొత్త కాదు, గురజాడ వారి కన్యాశుల్కం 1955లోనే తెరకెక్కింది. నా కోరిక దీనికి ఎదురు దారిలోది. నాలుగే పాత్రలు, ఆఫీసు గది, గుడి వేదిక, చిన్న తోట. ఇంతకన్నా మన పరిషత్తు నాటికలకి ఏం కావాలి? రచయిత అనుమతి తీసుకుని ఎవరైనా తెలుగు చేయాలి. పిల్లవాడిని మాత్రం స్టేజీ మీదకి తేవద్దు, మూల నాటకంలో ఉన్నట్టే ఉంచాలి. సిస్టర్ గార్లు ఫాదర్ గారితో ఎలా మాట్లాడతారో, ఎక్కడ తల వంచుతారో, ఎక్కడ 'సరే ఫాదర్' అని ఆపేస్తారో నాకు బాగా తెలుసు. వేసేవాళ్లుంటే రిహార్సల్స్‌కి వచ్చి దగ్గర కూర్చుని చెప్తాను. నా చిరునామా మీ కార్యాలయంలో అడిగితే ఇవ్వగలరు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ తెలుగు టీచర్,
గుంటూరు