మూడేళ్ల పిల్లలకు చెప్పే టీచర్ కావాలంటే ఏ కాలేజీకి పోవాలి సార్?

రాష్ట్ర విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం సార్. తిరుపతి కొర్లగుంట నుంచి రాస్తున్నాను. మొన్న మా పక్కింటి అమ్మాయి ఇంటర్ మార్కుల మెమో పట్టుకుని వచ్చి, "అక్కా, నాకు చిన్నపిల్లలంటే ఇష్టం, వాళ్లకు టీచర్ కావాలంటే ఏం చదవాలి?" అని అడిగింది. తొమ్మిదేళ్లుగా ప్లేస్కూల్లో పనిచేస్తున్న నాకే జవాబు దొరకలేదు. నర్సు కావాలంటే ఏం చదవాలో చెప్పగలను. ఎస్‌జీటీ, అంటే ప్రాథమిక పాఠశాల టీచర్ కావాలంటే డీఈఈసెట్ ప్రవేశ పరీక్ష రాయి, కార్వేటినగరం డైట్‌లో (ప్రభుత్వ టీచర్ల శిక్షణ కాలేజీలో) సీటొస్తే చేరిపో అని చెప్పగలను. కానీ ఆ శిక్షణ ప్రధానంగా ఒకటో తరగతి నుంచి పైవాళ్ల కోసం కదా. అంతకంటే చిన్నపిల్లల దగ్గరికి పోవాలనుకునే అమ్మాయికి ఏ దారి చూపించాలి?

నేను పోయిన దారి మాత్రం చూపించలేను. డిగ్రీ అయ్యాక ఒక ప్రైవేటు సంస్థలో ఎన్‌టీటీ (నర్సరీ టీచర్ ట్రైనింగ్) చేశాను, మా అమ్మ గాజులు కుదవ పెట్టి పద్దెనిమిది వేలు కట్టింది. ఆరు నెలలు చార్టులు గీశాం, థర్మాకోల్ బొమ్మలు కోశాం, రైమ్స్ బట్టీ పట్టాం. ఒక్క రోజు కూడా పిల్లల మధ్యకు తీసుకెళ్లలేదు. ఆ సర్టిఫికెట్ ఇప్పటికీ బీరువాలోనే ఉంది, ఏ ప్రభుత్వ ఉద్యోగానికీ అది పనికిరాలేదు.

దాని ఫలితం నాకంటే ముందు ఒక పిల్లవాడు అనుభవించాడు. నేను చేరిన మొదటి సంవత్సరం, మూడేళ్లు నిండి రెండు నెలలైనా కాలేదు వాడికి. పెన్సిల్ సరిగ్గా పట్టుకోడని, వాడి పిడికిలి నా చేతిలో బిగించి నాలుగు గీతల పుస్తకంలో "అ" దిద్దించేదాన్ని. తల్లిదండ్రులు అడుగుతారు, యాజమాన్యం అడుగుతుంది, నాకూ టెన్షనే. కొన్నాళ్లకు వాడు ఆ పుస్తకం బ్యాగులోంచి తీస్తేనే చెడ్డీ తడుపుకునేవాడు. అప్పుడు హోంసైన్స్ చదివే ఒక అమ్మాయి ప్రాజెక్టు పని మీద మా స్కూలుకు వచ్చి, రెండు రోజులు ఏమీ మాట్లాడకుండా చూసి, మూడో రోజు ఒక పళ్లెంలో చింతగింజలు, మూతి సన్నగా ఉన్న ఒక సీసా తెచ్చి వాడి ముందు పెట్టింది. గింజ తీయాలి, సీసాలో వేయాలి, అంతే. బొటనవేలు, చూపుడువేలు కలిపి పట్టే బలం వచ్చాకే పెన్సిల్ అక్కా, అంతవరకూ రాయించొద్దు అంది. ఆ ఒక్క మాట నా ఆరు నెలల కోర్సులో ఎవరూ చెప్పలేదు. వాడిని తలుచుకుంటే ఇప్పటికీ నాకు బాధగానే ఉంటుంది.

ఇదేదో కొత్తగా కనిపెట్టమని అడగడం లేదు సార్. టీచర్ల శిక్షణకు రూల్స్ పెట్టే జాతీయ సంస్థ ఎన్‌సీటీఈ 2014 నిబంధనల్లోనే డీపీఎస్‌ఈ అని ఇంటర్ తర్వాత రెండేళ్ల డిప్లొమా ఉంది, ప్రీస్కూల్ టీచర్ల కోసమే పెట్టినది. 2020 జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల వయసును ఒకే దశగా చూడమంది, మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్లలోపే జరుగుతుందని రాసింది. కాగితం మీద అంతా ఉంది. కానీ ఈ తొమ్మిదేళ్లలో డీపీఎస్‌ఈ చదివి వచ్చిన టీచర్ నాకు ఒక్కరు కూడా తారసపడలేదు.

అంగన్‌వాడీలు మీ శాఖ కింద లేవని, స్త్రీ శిశు సంక్షేమ శాఖ చూసుకుంటుందని తెలుసు. కానీ అక్కడి పిల్లలే కదా రేపు మీ ఒకటో తరగతికి వచ్చేది. 1975లో ఐసీడీఎస్, అంటే అంగన్‌వాడీలను నడిపే పథకం, మొదలైన దగ్గర్నుంచి పిల్లల బరువు చూడటం, గుడ్లు, పాలు, బాలామృతం లెక్కలు, ఇప్పుడు పోషణ్ ట్రాకర్ యాప్‌లో నమోదు, అన్నీ ఆ టీచరమ్మ మీదే పడ్డాయి, వాటి మధ్యలోనే పీపీ-1, పీపీ-2 (ఒకటో తరగతికి ముందు తరగతులు) చెప్పాలి. ఇంటర్ చదివిన అంగన్‌వాడీ టీచర్లకు ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సు, అంతకంటే తక్కువ చదివినవాళ్లకు ఏడాది డిప్లొమా ఇవ్వాలని ఆ 2020 విధానంలోనే ఉంది, ఎక్కువ భాగం ఫోన్లు, టీవీల ద్వారా. ఫోన్‌లో పాఠం వినొచ్చు, కానీ ఏడ్చే పిల్లను ఎలా దగ్గరికి తీసుకోవాలో పక్కన ఒక మనిషి నిలబడి చూపించాలి.

ఇంకొకటి, మన ప్రాంతం సంగతి. నగరి, సత్యవేడు వైపు చాలా ఇళ్లలో తమిళమే మాట్లాడతారు, కుప్పంలో తమిళం, కన్నడం రెండూ వినిపిస్తాయి. మూడేళ్ల పిల్ల "తణ్ణి" అని ఏడుస్తుంటే అది నీళ్లడుగుతోందని తెలియని టీచర్, ఈ పాప మొండిది అనుకుంటుంది. ఇలాంటివి ఎక్కడో తయారైన పుస్తకంలో ఉండవు, ఈ జిల్లాల్లోనే, ఈ పిల్లల మధ్యే నేర్పాలి.

అందుకే అడుగుతున్నాను. కార్వేటినగరం డైట్‌లో డీపీఎస్‌ఈ ఒక్క సెక్షన్ తెరవండి. పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో హోంసైన్స్ విభాగం ఎలాగూ ఉంది, డిప్లొమా అయినవాళ్లు అక్కడ డిగ్రీ పూర్తిచేసే వీలు కల్పించండి. చదివే రోజుల్లో సగం కాలం అంగన్‌వాడీల్లో పనిచేయించి, బస్సు ఛార్జీలకైనా సరిపడా స్టైపెండ్ ఇవ్వండి, పల్లెల నుంచి వచ్చే ఆడపిల్లలు ఇంట్లో ఆ డబ్బుల కోసమే గొడవపడి చదువు మానేస్తున్నారు.

అన్నిటికంటే ముఖ్యం, చదివాక ఉద్యోగం. ఇన్నేళ్ల తర్వాత నా జీతం తొమ్మిది వేలు. రెండేళ్లు డిప్లొమా చదివి తొమ్మిది వేలకు రమ్మంటే ఎవరొస్తారు సార్, ఏ తండ్రి పంపిస్తాడు? 2025 మెగా డీఎస్సీలో 16,347 ప్రభుత్వ టీచర్ పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చారు, సంతోషం. వచ్చే డీఎస్సీలో ప్రీప్రైమరీ టీచర్ అని విడిగా పోస్టులు పెట్టండి, ప్రైవేటు ప్లేస్కూళ్లు కూడా డిప్లొమా ఉన్నవాళ్లనే తీసుకోవాలని రూల్ తెండి. ఇప్పటికే పనిచేస్తున్న మాలాంటివాళ్లను తీసేయకుండా, చదువుకుని పాసవ్వడానికి కొన్నేళ్లు గడువివ్వండి. నేను మొదటి బ్యాచ్‌లోనే కూర్చుంటాను.

పక్కింటి అమ్మాయి వాళ్ల నాన్న బీకాం కంప్యూటర్స్‌కు ఫీజు కట్టేస్తానంటున్నాడు, వద్దని చెప్పడానికి నా దగ్గర కారణం లేదు. ఆమె చెల్లెలు ఇప్పుడు పదో తరగతి. ఆ పిల్ల ఇంటర్ పూర్తిచేసి వచ్చేలోపు నాకు చెప్పడానికి ఒక కాలేజీ పేరు ఇవ్వండి.

ఇట్లు,
ఒక ప్లేస్కూల్ టీచర్,
తిరుపతి