మచిలీపట్నంలో ఓడ వచ్చింది, మనవాడు రాలేదు

ఒరేయ్ బక్కా,

ముందు తిట్టాల్సినవన్నీ తిట్టేసెయ్, తర్వాత చదువు. నీ ఉత్తరం దసరాకి ముందు వచ్చింది, నేను జవాబు రాసేసరికి సంక్రాంతి నెత్తి మీదకి వచ్చింది. ఫోన్‌లో చెప్పొచ్చుగా అంటావు. నా వాయిస్ మెసేజ్‌లు నువ్వు రెండింతల స్పీడులో వింటావని మీ ఇంట్లోవాళ్ళే చెప్పారు. ఇది ఆ స్పీడులో వినే సంగతి కాదు.

ఇంటి కబుర్లు గబగబా చెప్పేస్తా. అమ్మకి కంటి ఆపరేషన్ అయింది, బాగా కనిపిస్తోంది, ఇప్పుడు నా గడ్డంలో తెల్లవెంట్రుకలు లెక్కపెడుతోంది. ఫ్రిజ్ చచ్చిపోయింది, కొత్తది కొన్నాం. ఆఫీసు ఎప్పట్లాగే ఏడుస్తోంది. అయిపోయాయి.

అసలు సంగతి. ఎనిమిదో తరగతి స్కౌట్ క్యాంపులో స్మగ్లర్ల ఆట ఆడాం, గుర్తుందా? నువ్వు బనీను లోపల ఉప్పు పొట్లాలు దాచుకుంటే చెమటకి ఉప్పంతా కరిగి... ఇంక రాయను, ఈ ఉత్తరం మా చెల్లెమ్మ కూడా చదువుతుంది. ఆ ఆటే, మా కాలనీ పిల్లలతో పెట్టాను రా! 56 మంది పిల్లలు! మా అపార్ట్‌మెంట్లలో పిల్లలు ఆడుకోవడానికి ఉన్నది సెల్లార్ పార్కింగ్ ఒక్కటే, బంతి తగిలితే కారు కూస్తుంది, కారు కూస్తే ఓనరు కూస్తాడు. మీటింగ్‌లో ఎవరో పిల్లలకి ఏదైనా చేద్దాం అన్నారు, నేను నోరు జారాను, అంతే, అందరూ చప్పట్లు కొట్టి నా మెడకి చుట్టేశారు.

మొదట చిలుకూరు మృగవని అనుకున్నా, తర్వాత వనస్థలిపురం హరిణ వనస్థలి. కానీ రెండూ నేషనల్ పార్కులు, అక్కడ జింకలుంటాయి, మనం వెళ్ళి విజిళ్ళు ఊది పరుగులు పెడతామంటే ఎవరొప్పుకుంటారు, ఒప్పుకోకూడదు కూడా. చివరికి వికారాబాద్ దగ్గర మా తోడల్లుడి మామిడితోట దొరికింది. పక్కనే నీలగిరి తోట, దాని వెనక చిన్న గుట్ట, గుట్టంతా సీతాఫలం పొదలు, రేగుచెట్లు. మొత్తం పద్నాలుగు ఎకరాలుంటుంది. రెండు ఆదివారాలు ముందే వెళ్ళి కాలినడకన తిరిగి హద్దులకి సున్నం పోశాం. తోటలో ఒక పాత దిగుడుబావి ఉంది. దాని చుట్టూ రెండు వరసలు తాడు కట్టి, ఆట రోజున ఎదురుగా కుర్చీ వేసి మా తోడల్లుణ్ణే కూర్చోబెట్టాను. బావిని కాపలా కాయడమే ఆయన పని. ఈ బావి గుర్తుపెట్టుకో.

మన స్మగ్లర్ల ఆటనే ఎత్తి పెడితే బోర్ అని దానికి గోల్కొండ వేషం వేశా. చింతపిక్కలే వజ్రాలు. కొల్లూరు గని దగ్గర పిక్క రెండు వరహాలకి కొనాలి, మచిలీపట్నం రేవులో అయిదుకి అమ్మాలి. దారి పొడుగునా దొంగలు. (అసలు కొల్లూరు పులిచింతల నీళ్ళ కింద ఉంది కదా, అందుకని మా కొల్లూరుని పంపుసెట్టు తొట్టి పక్కన పెట్టాను. నవ్వొచ్చిందా లేదా? మా ఆవిడకి రాలేదు.) మధ్యలో కార్వాన్. అదే, పురానాపూల్ అవతల నీ సైకిల్ పంక్చరై నువ్వు ఏడ్చిన కార్వానే, ఒకప్పుడు వజ్రాల వర్తకులు ఉన్నది అక్కడే మరి. గోల్కొండ అంటే బ్యాంకు, బ్యాంకు అంటే నేను. ఇరవై నిమిషాలకోసారి మచిలీపట్నంలో ఎర్ర తువ్వాలు ఎగరేస్తారు, అంటే ఓడ వచ్చినట్టు, అప్పుడు పిక్క ఎనిమిది వరహాలు. చిట్టచివరి ఓడకి పది.

ఆరుగురేసి ఎనిమిది జట్లు, ఎనిమిది మంది దొంగలు. దొంగలంతా తొమ్మిది, పది తరగతుల గాడిదలు. ప్రతివాడి నడుముకీ వెనక ఒక తోక. దొంగ దాన్ని లాగేస్తే చేతిలో ఉన్న సరుకులో సగం ఇచ్చేసి, బ్యాంకుకొచ్చి అయిదు వరహాలకి కొత్త తోక కొనుక్కోవాలి. తోకలకి మా ఆవిడ పాత చీర ఒకటి పేలికలు చేశాను. పాతదే అనుకున్నాను. ఆ విషయం మళ్ళీ చెప్తా.

కార్వాన్‌లో మాత్రం నోరు విప్పకూడదు. ఇది నా కల్పన కాదు రా. 17వ శతాబ్దంలో టావెర్నియె అని ఫ్రెంచి వర్తకుడు మన గోల్కొండ గనులు తిరిగి చూసి రాసిపెట్టాడు, వజ్రాల బేరం ఎలా జరిగేదో. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుంటారు, చేతులు నడుంగుడ్డ కింద కలుపుతారు, ఒక్క మాట ఉండదు. మొత్తం చెయ్యి పట్టుకుంటే వెయ్యి, అయిదు వేళ్ళు పట్టుకుంటే అయిదు వందలు, ఒక్క వేలు వంద, వేలు మధ్య కణుపు దాకా పట్టుకుంటే యాభై, కొసన పట్టుకుంటే పది. పక్కనే నిలబడ్డవాడికి కూడా ఎంతకి తెగిందో తెలియదు. ఇది చదవగానే నాకు మా తాత గుర్తొచ్చాడు, సంతలో ఎడ్లబేరం కండువా కింద వేళ్ళు పట్టుకునే చేసేవాడు కదా, నేను కండువా ఎత్తి చూడబోతే చెయ్యి మీద ఒక్కటిచ్చాడు. మేం ఆ లెక్కల్లో ఒక్కో సున్నా తీసేశాం, చెయ్యి వంద, వేలు పది. పిల్లలు మొదట్లో కితకితలు పెట్టుకుని నవ్వి చచ్చారు. అరగంటకి ఒక్కొక్కడి మొహం చూడాలి, పేకాట క్లబ్బులో పెద్దమనుషుల్లా!

పొద్దున ఆరున్నరకి మెహదీపట్నం నుంచి బస్సులు కదిలాయి. చేవెళ్ల రోడ్డు మర్రిచెట్ల కింద వెళ్తుండగా మా బుడ్డది నా పక్కకొచ్చి కూర్చుంది. "నాన్నా, దొంగలకి డబ్బులివ్వకూడదని రూల్ ఉందా?" నేను అప్పుడు వాటర్ క్యాన్లు లెక్కపెడుతున్నా. లేదమ్మా అన్నా. అయిదో తరగతి పిల్ల రా అది! ఎందుకడుగుతోందో ఒక్క క్షణం ఆలోచించి ఉంటే...

మొదటి గంట బ్రహ్మాండం. గుట్ట మీద నుంచి కేకలు, పొదల్లో పాకడాలు, ఒకడి ప్యాంటు రేగుముళ్ళకి చిక్కి వాడు ముందుకి, ప్యాంటు వెనక్కి. ఒక జట్టు మొత్తం వ్యాపారం మానేసి రేగిపళ్ళ మీద పడింది. తర్వాత చూస్తే దొంగలు పరిగెత్తడం లేదు. చెట్ల కింద కాళ్ళు చాపుకుని కూర్చున్నారు. జట్లు దర్జాగా వాళ్ళ ముందు నుంచే నడిచి వెళ్తున్నాయి. నా బ్యాంకులో మాత్రం డబ్బులు నిండుకున్నాయి! వెయ్యి వరహాలు జిరాక్స్ తీయించాను, అవన్నీ ఎటుపోయాయో తెలియదు. పిల్లలు పిక్కలమ్మిన చీటీలు పట్టుకుని లైన్ కట్టారు, నాకు నవంబర్ 2016 కళ్ళ ముందు తిరిగింది. చివరికి పేపర్ ప్లేట్లు చింపి, పెన్నుతో పది, ఇరవై అని రాసి సంతకం పెట్టి ఇచ్చా.

అప్పుడు బయటపడింది. మామూళ్ళు! ట్రిప్పుకి మూడు వరహాలు దొంగల నాయకుడికి కడితే తోక చివర ముడి వేస్తాడు. ముడి ఉన్న తోకని ఎవరూ ముట్టరు. మొదలుపెట్టింది మా బుడ్డది. పదకొండున్నరకల్లా అయిదు జట్లకి ముళ్ళు పడ్డాయి. నాకు కోపం రావాలా, గర్వపడాలా తెలియలేదు. ఆ కాలపు వర్తకులు కూడా దారి పొడుగునా సుంకాలు కట్టుకుంటూ పోయినవాళ్ళే కదా, నేను పుస్తకాలు తిరగేసి పెట్టిన ఆటకంటే ఇదే నిజానికి దగ్గరగా ఉందేమో అనిపించింది. సరేలే, ఏమవుతుందో చూద్దామని ఊరుకున్నా.

పన్నెండుంపావుకి చివరి ఓడ. పన్నెండున్నరకి మూడు పొడుగు విజిళ్ళు, ఆట అయిపోయినట్టు. అందర్నీ కూర్చోబెట్టి లెక్కపెట్టాను. 55.

మళ్ళీ లెక్కపెట్టాను. 55. మా ఆవిడ లెక్కపెట్టింది. 55.

ఒరేయ్, ఆ నిమిషంలో నా కడుపులో ఏం జరిగిందో నీకు రాయలేను. తల తిప్పి బావి వైపు చూశాను. కుర్చీ ఖాళీ. మా తోడల్లుడు బగారా అన్నం వాసనకి లేచొచ్చి ప్లేటు పట్టుకుని నా వెనకే నిలబడి ఉన్నాడు. ఆయన్ని ఒక్క మాట అనలేదు, అనడానికి నోరు పెగల్లేదు. పరిగెత్తా. తాళ్ళు అలాగే ఉన్నాయి, నీళ్ళు కదలడం లేదు, గట్టు మీద ఒక పిట్ట తాపీగా కూర్చుని ఉంది. కదలని నీళ్ళు చూస్తే ధైర్యం వస్తుందనుకుంటాం కదా, రాదు. ఎవరు లేరో అప్పటికి తెలిసింది. మా పై ఫ్లోర్ వాళ్ళ బుడంకాయ, మూడో తరగతి, అందరికంటే చిన్నవాడు, మా బుడ్డదాని జట్టే. పెద్దవాళ్ళం నలుగురం నాలుగు దిక్కులా అరుస్తూ తిరుగుతున్నాం, జవాబు లేదు.

వెనక్కి వచ్చి "ఎవరైనా వాణ్ణి చివరిసారి ఎక్కడ చూశారు?" అని అరిచా. అందరూ నిశ్శబ్దం. మా బుడ్డది లేచి వచ్చింది. నా భుజం మీద తువ్వాలు లాగింది. నా చెయ్యి పట్టుకుని తువ్వాలు కప్పింది. అంత టెన్షన్‌లో దీనికి బేరాలేమిట్రా అని చెయ్యి లాక్కోబోతే గట్టిగా పట్టుకుని, అరచేతిలో వేలితో రెండక్షరాలు రాసింది. మం. చె.

నీలగిరి తోట చివర కాపలావాడి పాత మంచె ఉంది. వెళ్ళేసరికి వాడు పైన బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు, ఒళ్ళో గుడ్డసంచి, చుట్టూ రేగిగింజల కుప్ప. సంచిలో 137 చింతపిక్కలు! మధ్యలో ఓడలేవీ పట్టించుకోకుండా, చివరి ఓడకి పది చొప్పున కొట్టేద్దామని సరుకంతా అక్కడ దాచింది మా మహాతల్లి. ఎవరు పిలిచినా దిగొద్దని, విజిల్ వేసినా దిగొద్దని, తనొచ్చి చెయ్యి ఊపితేనే దిగమని వాడితో ఒట్టు వేయించుకుంది. తీరా ఓడ వేళకి దొంగలు మామూలు మూడు నుంచి పదికి పెంచేశారు, ఇది ఇవ్వనంది, తోక పోయింది, కొత్త తోక కోసం నా దగ్గరే లైన్‌లో నిలబడి ఉండగా విజిల్ పడింది. మరి లెక్కపెట్టేటప్పుడు చెప్పొచ్చుగా? పక్క జట్లు వింటాయట! తువ్వాలు ఇంకా దించలేదు కాబట్టి ఓడ రేవులోనే ఉందట!

తిట్టాలనే వెళ్ళాను. కాళ్ళు వణుకుతుంటే మంచె కింద కూలబడ్డాను. వాడు పై నుంచి తొంగి చూసి, "అంకుల్, ఓడ వెళ్ళిపోయిందా?" అన్నాడు.

వాళ్ళమ్మకి ఆ రాత్రే నేనే వెళ్ళి మొత్తం చెప్పాను, బావి దగ్గర ఖాళీ కుర్చీతో సహా. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మంచినీళ్ళు ఇచ్చారు. ఇకమీదట ఇద్దరిద్దరు జంటలుగానే తిరగాలి, ఇంటికి రమ్మనే పిలుపుకి వేరే చప్పుడు, పళ్ళెం గరిటెతో కొడతాం, దానికి ఏ ఒట్టూ చెల్లదు. బావి దగ్గర ఇద్దరు, వాళ్ళకి భోజనం కుర్చీ దగ్గరకే. నాకిది ముందే తట్టాల్సింది రా. ఇప్పటికీ రాత్రి కళ్ళు మూసుకుంటే ఆ నీళ్ళే...

సరే, నీకు రాయడానికి అసలు కారణం. ఎవరు గెలిచినట్టు? దొంగల దగ్గర 610 వరహాలు, అందరికంటే ఎక్కువ, కాబట్టి మేమే అంటారు. మా బుడ్డది 137 పిక్కలు పదేసి లెక్కన 1370 అంటుంది. మిగతా జట్లన్నీ ఏకగ్రీవంగా తొండి, తూచ్ అంటున్నాయి. బస్సులో వికారాబాద్ నుంచి మెహదీపట్నం దాకా ఒకటే లొల్లి. నేను అందరూ సమానం అని చాక్లెట్లు పంచేశాను, అప్పటి నుంచి ఇంట్లో నాతో ఒకావిడ మాట్లాడటం లేదు. నువ్వే తీర్పు చెప్పు. నీ ఉప్పు కేసులో తీర్పు ఇచ్చింది నేనే కదా, ఆ బాకీ తీర్చుకో. ఇంకో మాట, మార్చిలో మళ్ళీ పెట్టమంటున్నారు, ఈసారి రాత్రిపూట, టార్చిలతో, నువ్వు కనక రాగలిగితే కార్వాన్‌లో

ఆగు. లోపల బీరువా తలుపులు గట్టిగా చప్పుడవుతున్నాయి. పండక్కి కట్టుకుందామని దాచిన చీరేదో కనిపించడం లేదట. ఏ రంగు అంటే ఆకుపచ్చ, ఎర్ర అంచు అంటోంది. తోకలన్నీ ఎర్ర అంచువే రా. వస్తోంది, ఉంటా.

నీ బండోడు