పసికందు పాదానికీ ఆక్సిజన్ చూడండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. జిల్లా పేజీల్లో తరచూ ఒక వార్త కనిపిస్తుంది. గుండె జబ్బుతో పుట్టిన బిడ్డ, పక్కన కళ్లొత్తుకుంటున్న తల్లి, కింద బ్యాంకు ఖాతా నంబరు. దాతలు స్పందిస్తారు, సంతోషం. కానీ ఆ జబ్బు బిడ్డ పుట్టిన ఎన్నో రోజున బయటపడిందో మాత్రం ఎవరూ రాయరు. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక (పేరు మారుతూ ఉంటుంది లెండి) పిల్లల గుండె ఆపరేషన్లకు ప్రభుత్వ సాయం అందుతోంది. డబ్బు కంటే ముందు మన చేజారుతున్నవి రోజులు. మీ విలేకరులు ఆ ఒక్క ప్రశ్న అడగడం మొదలుపెడితే మేలు.

పురిటి వార్డుల్లో చేసి రిటైరైనదాన్ని కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను. వెయ్యి కాన్పులకు ఎనిమిది, తొమ్మిది మంది పిల్లలకు గుండెలో ఏదో ఒక లోపం ఉంటుంది. చాలావరకు చిన్న రంధ్రాలే, కొన్ని వాటంతటవే పూడిపోతాయి. సుమారు నాలుగో వంతు మాత్రం ఏడాది లోపు, కొన్నయితే మొదటి వారాల్లోనే చికిత్స చేయాల్సినవి. అసలు చిక్కు వీళ్లతోనే. కడుపులో ఉన్నప్పుడు ఊపిరితిత్తుల నాళానికీ, ఒంటికి రక్తం తీసుకెళ్లే పెద్ద నాళానికీ మధ్య ఒక చిన్న దారి ఉంటుంది. పుట్టాక రెండు మూడు రోజుల్లో అది మూసుకుపోతుంది. గుండె సరిగ్గా ఏర్పడని కొందరు పిల్లలు ఆ దారి మీదే బతుకుతుంటారు. అది మూసుకుంటూ ఉంటే పాలు తాగలేరు, ఆయాసపడతారు, ఒళ్లు చల్లబడుతుంది. సరిగ్గా ఆ వేళకి తల్లీబిడ్డలు డిశ్చార్జి అయి ఇంటికి చేరి ఉంటారు.

మా పక్క లంకలో ఒక పాప మూడో రోజు రొమ్ము పట్టలేదు. దిష్టి అన్నారు, దిష్టి తీశారు. ఆర్ఎంపీ గ్యాస్ అని చుక్కల మందిచ్చాడు. నన్ను పిలిచేసరికి పెదాలు నేరేడు పండు రంగులో ఉన్నాయి. కాకినాడ తీసుకెళ్లారు గానీ దక్కలేదు. ఆసుపత్రి నుంచి వచ్చినప్పుడు పిల్ల చక్కగా ఉందని ఇంట్లో అందరూ అన్నారు. ఉండే ఉంటుంది, ఈ జబ్బుల తీరే అంత.

దీన్ని ముందే పట్టుకునే పరీక్షకు సూది అక్కర్లేదు. బిడ్డకు 24 గంటలు నిండాక కుడి చేతికీ, ఏదో ఒక పాదానికీ, రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే పల్స్ ఆక్సీమీటరు చుట్టి చూడాలి. కుడి చెయ్యే ఎందుకంటే, దానికి వెళ్లే రక్తం ఆ దారి కలిసే చోటికి ముందే చీలిపోతుంది. రెండు చోట్లా 95 గానీ ఆపైన గానీ ఉండి, తేడా 3 దాటకపోతే పాస్. ఎక్కడైనా 90 లోపు ఉంటే వెంటనే డాక్టరు చూడాలి, టూడీ ఎకో (గుండె స్కానింగ్) తీయించాలి. మధ్యలో ఉంటే గంట ఆగి మళ్లీ చూడాలి. పాదం చల్లగా ఉన్నా, బిడ్డ తన్నుతున్నా అంకె నిలవదు. పాదాన్ని గుడ్డలో చుట్టి వెచ్చబెట్టి, తల్లి ఒళ్లో ఊరుకున్నాక చూస్తే కొన్ని నిమిషాల పని. కోవిడ్ రోజుల్లో కొన్న, పెద్దవాళ్ల వేలికి తగిలించే క్లిప్పు దీనికి పనికిరాదు. పసిపిల్లలకు చుట్టే సెన్సర్ వేరే ఉంటుంది.

ఇది కొత్త సంగతేమీ కాదు. 2009లో స్వీడన్ అధ్యయనం వచ్చింది. 2011లో బ్రిటన్‌లో 20 వేల మంది పిల్లల మీద చేసిన అధ్యయనం వచ్చింది. అదే ఏడాది అమెరికా దీన్ని నవజాత శిశువుల పరీక్షల జాబితాలో చేర్చింది. అక్కడ తప్పనిసరి చేసిన రాష్ట్రాల్లో తీవ్రమైన గుండె లోపాలతో పోయే పసికందుల సంఖ్య మూడో వంతు తగ్గిందని 2017లో తేలింది. ఈ పరీక్ష అన్నిటినీ పట్టదు. తీవ్రమైన లోపాల్లో నాలుగింట మూడు పట్టిస్తుంది. పెద్ద నాళం సన్నబడే జబ్బు తప్పించుకుపోవచ్చు. మామూలు రంధ్రాలు దీనికి దొరకవు.

మన దగ్గర 2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం అనే పిల్లల ఆరోగ్య పరీక్షల పథకం ఉంది. గుండె లోపాలు దాని జాబితాలో ఉన్నాయి. కాన్పు చోట గ్రహణమొర్రి, వంకర పాదం లాంటి కంటికి కనిపించేవి రాసుకుంటారు. అంగన్‌వాడీలకు వెళ్లే బృందాలు చూసేది ఆరు వారాలు నిండిన పిల్లల్ని. నేను చెప్పే పిల్లలు ఆరు వారాలు ఆగరు! కేరళ 2017లో 'హృద్యం' పేరుతో గుండె లోపమున్న ప్రతి బిడ్డ పేరూ ఆన్‌లైన్‌లో నమోదు చేసి, ఖాళీ ఉన్న ఆసుపత్రికి పంపే ఏర్పాటు చేసుకుంది. మనకేం తక్కువ?

కాకినాడ రంగరాయ వైద్య కళాశాల దీన్ని ఒక అధ్యయనంగా చేపట్టాలని నా కోరిక. కోనసీమ, పశ్చిమ డెల్టాల్లో పుట్టిన ప్రతి బిడ్డ చేతి అంకె, కాలి అంకె డిశ్చార్జి కార్డులో రాయాలి. ఫెయిలైన బిడ్డ ఎన్ని గంటలకు పెద్దాసుపత్రి చేరిందో, ఏడాది నిండేసరికి ఎలా ఉందో చూడాలి. మనమే తేల్చుకోవాల్సిన ప్రశ్నలూ ఉన్నాయి. నల్లటి చర్మం మీద ఈ మిషన్లు ఆక్సిజన్‌ను కొంచెం ఎక్కువగా చూపిస్తాయి, మన పిల్లల్లో దానివల్ల ఎందరు తప్పిపోతున్నారు? మేనరికాల్లో ఈ లోపాలు ఎక్కువంటారు, మన మండలాల్లో ఎంత?

అధ్యయనం అనగానే "మా పిల్లల మీద ప్రయోగాలా" అంటారు. ఆ భయం ఊరికే రాలేదు. అర్ధరాత్రి ఇంగ్లిష్ కాగితం మీద వేలిముద్ర వేయించుకోవడం మనం ఎరిగిందే. తెలుగులో చదివి వినిపించి, వద్దంటే వైద్యంలో తేడా రాదని చెప్పి, అప్పుడు సంతకం తీసుకోవాలి. పిల్లల్ని గమనించడం ఏడాదితో వదిలేయకూడదు కూడా. ఒకే గది గుండెతో పుట్టిన 549 మంది పిల్లల మీద అమెరికా, కెనడాల్లో రెండు రకాల ఆపరేషన్లు పోల్చి చూశారు. ఏడాదికి ఒక రకంలో 74 శాతం, రెండో రకంలో 64 శాతం మంది గుండె మార్పిడి అవసరం లేకుండా బతికారు. తర్వాతి ఏళ్లలో ఆ తేడా తగ్గిపోయింది. మొదటి ఏడాదితో ఆపేసి ఉంటే తప్పుడు లెక్కే మిగిలేది.

చివరగా రవాణా. ఆ దారి మూసుకోకుండా ఆపే ప్రోస్టాగ్లాండిన్ అనే మందుంది. ఫ్రిజ్‌లో నిల్వ ఉండాలి, డ్రిప్‌లో సన్నగా ఎక్కించాలి. ఎక్కుతుండగా బిడ్డ ఊపిరి ఆగవచ్చు కాబట్టి అంబులెన్సులో ఊపిరి అందించడం వచ్చినవాళ్లు ఉండాలి. 2021లో తిరుపతిలో పద్మావతి పిల్లల గుండె ఆసుపత్రి వచ్చింది గానీ, సఖినేటిపల్లి నుంచి అక్కడికి ఒక రాత్రి ప్రయాణం. అమలాపురం, నరసాపురం ప్రభుత్వాసుపత్రుల్లో ఈ మందు నిల్వ ఉందా, రాత్రి డ్యూటీలో దాన్ని ఎక్కించడం ఎవరికి వచ్చు? జిల్లా వైద్యాధికారులు మీ పత్రిక ద్వారానే జవాబు చెప్పాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత స్టాఫ్ నర్సు,
రాజోలు మండలం, కోనసీమ జిల్లా