4294967297 గురించి ఒక ఉత్తరం

ప్రియ మిత్రుడు సుధాకర్‌కు,

ఇక్కడ మేమందరం క్షేమం. పెద్ద సంఖ్యల్లో నాకు బాగా ఇష్టమైనది ఏదని అడిగావు కదా, తడుముకోకుండా చెబుతాను: 4294967297. రెండును ముప్పై రెండుసార్లు వేసి గుణించి, వచ్చినదానికి ఒకటి కలిపితే ఈ నాలుగు వందల ఇరవై తొమ్మిది కోట్ల పైచిలుకు సంఖ్య వస్తుంది.

రెండుకు ఘాతాన్ని 1, 2, 4, 8, 16గా తీసుకుని ఒక్కొక్కదానికి ఒకటి కలిపితే 3, 5, 17, 257, 65537 వస్తాయి. ఈ ఐదూ ప్రధాన సంఖ్యలే. ఘాతాన్ని ఇలా రెట్టింపు చేసుకుంటూ ఎంత దూరం వెళ్లినా ప్రధాన సంఖ్యలే వస్తాయని ఫ్రాన్సులో గణితవేత్త ఫెర్మా 1640లో నమ్మాడు. అందుకే వీటిని ఫెర్మా సంఖ్యలంటారు. ఘాతం 32 అయిన తరువాతి సంఖ్యే మనది. దీన్ని 641 నిశ్శేషంగా భాగిస్తుందని 1732లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఉన్న గణితవేత్త ఆయిలర్ చూపాడు. భాగఫలం 6700417.

నన్ను కట్టిపడేసేది ఆ 641ని వెతికే దారి. ఈ సంఖ్యకు ప్రధాన కారణాంకం ఏదైనా ఉంటే అది 64 గుణిజం కంటే ఒకటి ఎక్కువై తీరాలని ఆయిలరే తరువాత నిరూపించాడు. 1878లో ఫ్రెంచ్ గణితవేత్త లూకా ఆ 64ను 128కి పెంచాడు. అప్పుడు 641 వరకు చూస్తే వరుసగా 129, 257, 385, 513, 641 మాత్రమే మిగులుతాయి. వీటిలో ప్రధాన సంఖ్యలు రెండే, అందులోనూ 257 ఫెర్మా సంఖ్యే; ఏ రెండు ఫెర్మా సంఖ్యలకూ ఉమ్మడి కారణాంకం ఉండదు కనుక దాన్నీ పక్కన పెట్టవచ్చు. అంటే నిజంగా భాగించి చూడవలసిన మొదటి సంఖ్యే 641!

అసలు భాగహారమే లేకుండా కూడా ఇది తేలుతుంది, కాగితం తీసుకుని చూడు. 641 అంటే 5 × 128 + 1. కాబట్టి 641తో భాగించినప్పుడు 5 × 128కి శేషం −1, దాని నాలుగో ఘాతానికి శేషం 1. ఆ నాలుగో ఘాతం 625 × 2²⁸. కానీ 625 అంటే 641లో 16 తక్కువ, అంటే శేషాల లెక్కలో అది −16, అనగా −2⁴. 625 చోట −2⁴ పెడితే −2³²కు శేషం 1 అవుతుంది. కాబట్టి 2³² + 1కు శేషం సున్నా. పది అంకెల సంఖ్యను ఒక్కసారి కూడా పూర్తిగా రాయకుండానే పని అయిపోయింది. ఇంత పొందికైన రుజువు నేను మరొకటి చూడలేదు.

ఇక 6700417 ప్రధాన సంఖ్యేనా అన్నది కూడా నువ్వే తేల్చుకోవచ్చు. దాని వర్గమూలం 2588 దాటి కొద్దిగా ఉంటుంది. ఆ లోపల 128 నియమానికి లోబడే ప్రధాన సంఖ్యల్లో 257ను వదిలేస్తే 641, 769, 1153, 1409 మాత్రమే మిగులుతాయి. వాటితో భాగిస్తే శేషాలు వరుసగా 44, 120, 334, 622. ఒక్కటీ సున్నా కాదు కనుక అది ప్రధాన సంఖ్యే.

తరువాతి ఫెర్మా సంఖ్య, అంటే 2⁶⁴ + 1, ఇంత సులువుగా లొంగలేదు. దాని చిన్న కారణాంకం 274177. దాన్ని 1855లోనే క్లౌసెన్ అనే గణితవేత్త కనుగొన్నాడు; 1880లో ఫ్రాన్సులో లాండ్రీ కూడా కనుగొన్నాడు. 65537 తరువాత మరో ఫెర్మా ప్రధాన సంఖ్య ఇంతవరకు ఎవరికీ దొరకలేదు. ఘాతం 2²⁰ అయిన ఫెర్మా సంఖ్యకు మూడు లక్షల పదిహేను వేలకు పైగా అంకెలు ఉన్నాయి. అది ప్రధాన సంఖ్య కాదని రుజువైంది, కానీ దాని కారణాంకం ఒక్కటైనా నేటికీ తెలియదు.

నీ
శ్రీనివాస్