యెమెన్ అంటే ఓడల మీద దాడులేనా?

సంపాదకుడు గారికి,

ఎర్ర సముద్రంలో ఓడల మీద దాడి, పెరిగిన రవాణా చార్జీలు... పేపర్లో యెమెన్ పేరు కనబడిందంటే ఇదే వార్త. అరబ్బు దేశమే కదా, పెట్రోలు ఉంది కదా, మరి ఈ కరువేంటని మా ఊరి టీ కొట్టు దగ్గర అడుగుతుంటారు. సౌదీలోని జెద్దాలో పదకొండేళ్లు పనిచేసి వచ్చినవాణ్ని కాబట్టి నాలుగు మాటలు రాస్తున్నాను.

యెమెన్‌లో చమురు ఉన్నమాట నిజమే. కానీ 2001 ప్రాంతంలో, బాగా తీసిన రోజుల్లో కూడా అది రోజుకు సుమారు 4.5 లక్షల బ్యారెళ్లే. సౌదీ ముందు అదెంత? ఆ తర్వాత తగ్గుతూనే వచ్చింది. అయినా సర్కారు ఖజానాకు పెద్ద దిక్కు అదే. 2022 అక్టోబరులో హద్రమౌత్ తీరంలోని చమురు రేవు మీద హౌతీలు, అంటే రాజధాని సనాను చేతిలో పెట్టుకున్న తిరుగుబాటుదారులు, డ్రోన్లు వదిలారు. ఎగుమతి ఆగింది. ఇక జీతాలివ్వాలన్నా ఏడెన్ ప్రభుత్వం (బయటి దేశాలు గుర్తించింది దీన్నే) సౌదీ వైపు చూడాల్సిందే.

నన్నడిగితే వాళ్ల అసలు పెట్రోలు బావి సౌదీలో కష్టపడే వాళ్ల మనుషులే. దాన్నీ ఒకసారి పూడ్చేశారు. 1990లో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించిన గొడవలో యెమెన్ సౌదీ పక్షాన నిలబడలేదు. అప్పటిదాకా కఫీల్ (పూచీ ఉండే సౌదీ మనిషి) అక్కర్లేకుండా దుకాణాలు నడుపుకున్న యెమెనీలకు సౌదీ ఆ వెసులుబాటు తీసేసింది. లక్షల మంది మూటాముల్లె సర్దుకుని వెళ్లిపోయారు. నవంబరులో ఇరాక్ మీద బలప్రయోగానికి భద్రతామండలిలో క్యూబాతో కలిసి 'నో' అన్నందుకు అమెరికా కూడా సాయం కోసేసింది. 2013లో నితాఖత్ (కంపెనీల్లో ఇంతమంది సౌదీ వాళ్లే ఉండాలన్న రూలు) టెన్షన్ పడ్డ మా జగిత్యాల, నిజామాబాద్ ఇళ్లకు ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు.

జెద్దాలో మా గదిలో యెమెన్‌లోని తాయిజ్ మనిషి ఒకతను ఉండేవాడు. జీతం పడగానే డబ్బు పంపడానికి వెళితే కౌంటర్లో మొదటి ప్రశ్న, "సనా రేటా, ఏడెన్ రేటా?" రెండూ రియాలే. కానీ 2016లో సెంట్రల్ బ్యాంకు సనాలో ఒకటి, ఏడెన్‌లో ఒకటిగా రెండయింది. ఏడెన్ కొత్త నోట్లను 2019 చివర్లో హౌతీలు చెల్లవన్నారు. దాంతో రెండు చోట్లా రియాలు విలువ వేరైపోయింది. అతని తల్లి ఏడెన్ ప్రభుత్వం చేతిలోని తాయిజ్ ఊళ్లో, భార్య పుట్టిల్లు హౌతీల చేతిలోని హౌబాన్‌లో. మధ్య దూరం కొన్ని కిలోమీటర్లే. దారి మూసేయడంతో కొండలు చుట్టి గంటల తరబడి వెళ్లాలి. 2024 జూన్‌లో దారి తెరిచారు, నోట్లు మాత్రం ఇంకా వేర్వేరే.

ఈసారి యెమెన్ వార్త వేసేటప్పుడు కంటెయినర్ చార్జీ పక్కన ఏడెన్‌లో, సనాలో గోధుమపిండి బస్తా ధర కూడా వేయండి. వాళ్లు తినే గోధుమల్లో చాలా భాగం ఆ ఓడల్లోనే రావాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు, జగిత్యాల